రెండు హారన్లకు రెండు పళ్ళేలు

కొండమీద అన్నం చల్లారడానికి ఎంతోసేపు పట్టదు. వడ్డించిన మనిషి వెనక్కి తిరిగి నీళ్ళ జగ్గు అందుకునేలోగా పళ్ళెంలో ఆవిరి ఆగిపోతుంది. అంతెత్తున, అంత చలిలో, రోడ్డు పక్కన లాడ్జి పెట్టుకున్నవాళ్ళకి ఇదో పెద్ద తలనొప్పి. ముందే వడ్డించి ఉంచితే ఎవరూ తినరు. వచ్చాక వేడిచేసి పెడదామంటే లారీవాళ్ళకి ఆగే తీరిక ఉండదు. పొద్దు కుంగేలోగా వాళ్ళు కొండకి అవతల దిగాలి.

ఈ తలనొప్పికి మందు కనిపెట్టింది హారనక్క. ఆవిడకి అసలు పేరొకటి ఉంది, లేకేం! కాని ఆ పేరుతో పిలిచిన ఆఖరి మనిషి ఆవిడ తండ్రి. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. కొండెక్కే ప్రతి లారీకి, బస్సుకి, పాలవ్యానుకి ఆవిడ హారనక్కే.

మందు కనిపెట్టేనాటికి ఆవిడకి పంతొమ్మిదేళ్ళు. లాడ్జికి దిగువన మూడో మలుపు బాగా ఇరుకు. అక్కడ ఎంతటివాడైనా హారన్ కొట్టి తీరాలి. బరువుతో ఉన్న లారీ అక్కణ్ణించి లాడ్జి దాకా మూలుగుతూ రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది. "ఎలాగూ కొడుతున్నారు కదా, కొట్టేదేదో లెక్క ప్రకారం కొట్టండి," అంది డ్రైవర్లతో. తినేవాళ్ళు ఎంతమందో అన్ని చిన్న హారన్లు. రాత్రికి గది కూడా కావాలంటే చివర్న ఒక పొడుగు హారన్. ఆ మాట నోటా నోటా పాకి, నెల తిరిగేసరికి ఆ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లందరికీ అలవాటైపోయింది.

వరండా చివర, లోయవైపు మూల, ఒక చెక్క స్టూలు ఉండేది. ఆవిడ దానిమీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తూనో, బియ్యంలో రాళ్ళు ఏరుతూనో ఉండేది. కింద రెండు చిన్న హారన్లు మోగగానే "రెండు!" అని వంటింట్లోకి ఓ కేక వేసి, లేచి రెండు పళ్ళేలు బల్లమీద పెట్టేది. లారీ ఆగి, డ్రైవరు దిగి, నడుం విరుచుకుని, పంపు కింద చేతులు కడుక్కుని లోపలికి వచ్చేసరికి అన్నం పొగలు కక్కుతుండేది. పక్కన సూపు, దుంపల కూర, పొయ్యి మీంచి అప్పుడే దించిన రొట్టె. కొత్తవాళ్ళు తెల్లబోయేవాళ్ళు. "మేమొస్తున్నామని మీకెలా తెలుసండీ?" అని అడిగేవాళ్ళు. పాతవాళ్ళు వాళ్ళని చూసి నవ్వుకునేవాళ్ళు.

ఇరవై రెండో ఏట పెళ్ళి చేసి కొండ దింపారు. మూడేళ్ళు తిరక్కుండా ఒక ట్రంకుపెట్టెతో బస్సెక్కి వెనక్కి వచ్చేసింది. ఏం జరిగిందని తండ్రి అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పెట్టె వరండాలో దించి స్టూలు మీద కూర్చుందో లేదో, కింద మలుపులో మూడు హారన్లు మోగాయి. "మూడు!" అని కేకేసింది. లోపల తండ్రి మూడు పళ్ళేలు తీశాడు. పుట్టింటికి తిరిగి రావడమనే తతంగమంతా అంతటితో అయిపోయింది. తండ్రి పోయాక లాడ్జి తమ్ముడి చేతికొచ్చింది, తమ్ముడికి పెళ్ళయింది, పైన నాలుగు గదులు ఆరయ్యాయి, భోజనాల గదిలో బల్లలు మారాయి. స్టూలు మాత్రం కదల్లేదు. ఆ ఇంట్లో ఆవిడకంటూ ఉన్న చోటు అదొక్కటే.

ఏ హారన్ ఏ బండిదో కూడా ఆవిడ చెప్పేది. పాలవ్యాను హారన్ గొంతు బొంగురుపోయినట్టు ఉంటుందట. సిమెంటు లారీది మొదలు సన్నగా, చివర లావుగా ఉంటుందట. అందరూ ఆ చెవులని మెచ్చుకునేవాళ్ళే. మెచ్చుకుని మెచ్చుకుని వాళ్ళొక పని చేశారు. తాము వినడం మానేశారు. రోడ్డు మీద ఏం మోగినా తమ్ముడు తల తిప్పడు, మరదలు తల తిప్పదు, వంటాయన అసలే తిప్పడు. చెవులు అందరికీ ఉన్నాయి, వినే పని మాత్రం ఒక్క మనిషి మీద పెట్టి నిశ్చింతగా బతికారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. అయినా ఆ మాట తర్వాత.

నిరుడు చలికాలంలో ఆవిడకి కుడిచెవి పోయింది.

మొదట చెవిలో గుబిలి అనుకుంది. గోరువెచ్చని నూనె వేసుకుంది, తల వాల్చి తట్టుకుంది. పంటినొప్పని చెప్పి కింద ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెవిలో దీపం పెట్టి చూసి, నరం చచ్చిపోయిందని, ఎడమది కూడా అదే దారిలో ఉందని, మిషను పెట్టుకోమని చెప్పాడు. ఆవిడ సరేనని తలూపి వచ్చేసింది. హారనక్క చెవికి మిషనా? అది పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటే రోడ్డున పోయేవాడు కూడా నవ్వడూ? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పంటినొప్పి తగ్గిందా అని తమ్ముడడిగితే, తగ్గిందని చెప్పింది.

అప్పట్నుంచి ఆవిడ పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ముందు స్టూలుని కాస్త తిప్పి ఎడమచెవి లోయవైపుకి పెట్టుకుంది. తర్వాత లాడ్జి కుక్కని మంచి చేసుకుంది. హారన్ మోగితే ఎంగిలి ముక్కలు పడతాయని దానికి తెలుసు, మోగగానే లేచి నిలబడేది. అది లేస్తే ఆవిడ లేచేది. కాని ఎన్ని మోగాయో కుక్క చెప్పదు కదా! ఆ లెక్క మాత్రం ఆవిడే వారాన్ని బట్టి, వేళని బట్టి ఊహించుకునేది. సిమెంటు లారీ అయితే ఇద్దరు, కూరగాయల బండి అయితే ముగ్గురు. భోజనాల గదిలో మనుషుల పెదవులు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకుంది. దట్టంగా మీసాలున్నవాళ్ళతోనే చిక్కు. వాళ్ళేమడిగినా సూపు తెచ్చి ముందు పెట్టేసేది. ఉప్పు అడిగినవాడికి కూడా సూపే. చలికి ఎవరూ వద్దనలేదు కాబట్టి బతికిపోయింది.

ఎన్నాళ్ళని దాస్తుంది? ఐదుగురు వస్తే మూడు పళ్ళేలు కనపడ్డాయి. పెళ్ళివారి వ్యాను పదకొండు హారన్లు కొట్టుకుంటూ వస్తే ఒక్క పళ్ళెమూ కనపడలేదు. "పెద్దదానివవుతున్నావు అక్కా," అని తమ్ముడు నవ్వేసి ఊరుకున్నాడు.

ఊరుకోలేనిది కుక్కరు గొడవ. మరదలు కొత్తగా పెద్ద ప్రెషర్ కుక్కరు కొనుక్కొచ్చింది. ఓ వాన మధ్యాహ్నం హారనక్కకి మూడు హారన్లు వినపడ్డాయి. మూడు పళ్ళేలు పెట్టింది. ఎవరూ రాలేదు. ఎనిమిది నిమిషాలు, పదిహేను, ఇరవై. బండి లోయలో పడిపోయిందని గుండె బాదుకుంటూ తమ్ముణ్ణి లేవదీసింది. తమ్ముడు, వంటాయన, అన్నం తింటున్న ఇద్దరు డ్రైవర్లు, పళ్ళేలు వదిలేసి వానలో తడుస్తూ కిందికి పరుగెత్తారు. మూడు మలుపులూ దిగారు. టార్చి వేసి లోయ అంచంతా వెతికారు. ఎక్కడా ఏమీ లేదు. తడిసి ముద్దయి వెనక్కొచ్చేసరికి వంటింట్లో కుక్కరు మళ్ళీ మూడు కూతలు కూసింది. హారనక్క ఉలిక్కిపడి "అదిగో!" అంది.

ఆ నవ్వులు నాలుగు రోజులు ఆగలేదు. "కుక్కరుగారు భోజనానికి వస్తున్నారట, ఒక పళ్ళెం పెట్టండి," అనేవాడు వంటాయన. డ్రైవర్లు ఆ కథని కొండ దింపి అవతలి ఊళ్ళదాకా మోసుకుపోయారు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వకపోతే ఎలా?

మరదలు నవ్వలేదు. ఆమె చెడ్డది కాదు, చురుకైన మనిషి, లాడ్జి నాలుగు కాలాలపాటు నిలబడాలని చూసే మనిషి. ఓ సాయంత్రం కిటికీ అద్దం అవతల నిలబడి మొగుడితో మాట్లాడుతోంది. మాట వినపడకపోయినా పెదవులు ఇవతలికి బాగా కనపడుతున్నాయి.

"టవరు వచ్చింది కదండీ, ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి. మూడో మలుపులో మన నంబరుతో ఓ బోర్డు పెడితే సరిపోతుంది. వదిన కూర్చునే మూలలో ఇంకో బల్ల పడుతుంది. లోయ కనపడుతుందని కార్లవాళ్ళు అక్కడే కూర్చుంటారు. వదినకేం, పైన దుప్పట్ల గదిలో కూర్చుంటే వెచ్చగా ఉంటుంది. నాలుగు దుప్పట్లు మడతపెడితే చాలు."

తమ్ముడు వీపు ఇటు తిప్పి ఉన్నాడు. అతనేమన్నాడో ఆవిడకి తెలియలేదు. మరదలు మాత్రం తలూపి, "సరే, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే మాత్రం నేను ఊరుకోను," అంది.

ఇంకొక్కసారి. దుప్పట్ల గదికి కిటికీ లేదు.

తొమ్మిది రోజుల తర్వాత, మధ్యాహ్నం పన్నెండున్నరకి, పొగమంచు వరండా మెట్లదాకా వచ్చి కూర్చుంది. రోడ్డు కనపడటం లేదు. చలికి ఓర్వలేక కుక్క లోపల పొయ్యి పక్కన ముడుచుకు పడుకుంది. భోజనాల గదిలో కారులో వచ్చిన ఓ కుటుంబం, మొగుడూ పెళ్ళామూ అత్తగారూ, సూపు తాగుతున్నారు. అప్పుడు ఆవిడ ఎడమచెవికి రెండు హారన్లు వినపడ్డాయి. సన్నగా, దూరంగా, కాని రెండు. మొదలు సన్నగా, చివర లావుగా. సిమెంటు లారీ.

ఆవిడ కేక వేయలేదు. మెల్లగా లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర బల్లమీద రెండు పళ్ళేలు పెట్టి, తనే అన్నం వడ్డించింది. గోడ గడియారం వంక చూస్తూ నిలబడింది. ఎనిమిది నిమిషాలు. మంచు కదా, పది పడుతుంది అనుకుంది. పన్నెండు. అన్నం మీద ఆవిరి ఆగిపోయింది. పద్దెనిమిది.

మరదలు రొట్టెల పళ్ళెంతో అటు వచ్చింది. "ఇవెవరికి వదినా?"

"రెండు హారన్లు విన్నానమ్మాయ్."

మరదలు వంటింటి గుమ్మం వైపు తిరిగి, "కుక్కరు దించావా?" అని అడిగింది. "ఇందాకే దించానమ్మా," అన్నాడు లోపల్నుంచి వంటాయన. మరదలు ఆవిడ వంక చూసి చిన్నగా నవ్వింది. అందులో వెటకారం లేదు, జాలి ఉంది. జాలే ఎక్కువ మంట పుట్టించింది. గల్లాపెట్టె దగ్గర తమ్ముడు తలెత్తి చూస్తున్నాడు. కారు కుటుంబం కూడా చెంచాలు ఆపి చూస్తోంది.

ఇక్కడ హారనక్క ఒక పని చేసింది. ఆవిడ మంచితనమంతా నాకు తెలుసు, అయినా ఈ పనిని కప్పిపుచ్చను. తను విన్నది హారనేనని ఆవిడకి లోపల తెలుసు. కుక్కరు కూతకి మొదలూ చివరా ఉండవు. ఆ మాటే గట్టిగా చెప్పి ఉండొచ్చు. చెప్పాక కింద ఏమీ లేకపోతే? స్టూలు పోతుంది. ఆవిడ రెండు పళ్ళేలూ చేతుల్లోకి తీసుకుని, చల్లారిన అన్నం మళ్ళీ గిన్నెలోకి వంచేసింది.

"పొరపాటు పడ్డాను," అంది.

మళ్ళీ వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. దుంపలు చెక్కు తీసింది. మనసు కుదురుగా లేదు. ఎడమచెవి లోయవైపు పెట్టి, ఊపిరి బిగపట్టి విన్నది. ఏమీ లేదు. చూశావా, ఏమీ లేదు, అని తనకి తనే చెప్పుకుంది. అలా ఇంకో అరగంట పైనే గడిచింది.

వంటాయన తొక్కల బకెట్టుతో బయటికి వచ్చాడు. బకెట్టు గట్టుమీద పెట్టి, నడుం మీద చేతులేసుకుని మంచులోకి చూస్తూ ఏదో అని, ఆవిడ వైపు తిరిగి మళ్ళీ అన్నాడు. పెదవులు కనపడ్డాయి.

"ఆ లారీవాడికేం పిచ్చి పట్టిందక్కా? ఇందాకట్నుంచీ ఆపకుండా కొడుతూనే ఉన్నాడు."

"ఏ లారీవాడు?"

"మూడో మలుపులోంచే అనుకుంటా. అరగంట పైనే అయింది. నువ్వు కదలకుండా కూర్చున్నావు కదా, ఏం లేదులే అనుకున్నా."

ఆవిడ చేతిలో కత్తి జారి ఒళ్ళో పడింది. "ఇప్పుడు కూడానా?"

"ఇప్పుడు కూడా. అదిగో. నీకు వినపడట్లేదా ఏంటి?"

ఆవిడ విన్నది. ప్రాణమంతా చెవిలోకి తెచ్చుకుని విన్నది. ఎడమచెవి కూడా మూసుకుపోయినట్టు, ఆవిడకి కొండంతా నిశ్శబ్దంగా ఉంది.

"తమ్ముడూ!" అని ఆవిడ పెట్టిన కేకకి భోజనాల గదిలో అందరూ ఒక్కసారి లేచి నిలబడ్డారు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆవిడ రోడ్డు మీదికి పరుగెత్తింది. వెనకాల తమ్ముడు, వంటాయన, కారు ఆయన.

పరుగెత్తుతూ తమ్ముడు రొప్పుతూ ఏదో అంటుంటే ఆవిడ తిరిగి అతని మొహం చూసింది. "నేనూ విన్నానక్కా, నువ్వేమీ అనకపోతేనూ..." అంటున్నాడు. ఆ మాటే తర్వాత మరదలూ అంది. కారులో వచ్చినావిడ కూడా అంది, ఇక్కడ ఇది మామూలేమో అనుకున్నామని. విన్నవాళ్ళు ఆరుగురు. చెవిటిది ఒక్కతి. ఆరుగురూ ఆ ఒక్కదాని మొహం చూసి ఊరుకున్నారు.

మూడో మలుపులో నీళ్ళు గడ్డకట్టి రోడ్డు నున్నగా అద్దంలా ఉంది. లారీ జారి కొండవైపు కాలువలోకి పక్కకి ఒరిగి, ముందుభాగం బండకి నొక్కుకుపోయి ఉంది. డ్రైవరుకి తోడుగా వచ్చిన అతని మామ, అరవై ఏళ్ళ మనిషి, నెత్తురోడుతున్న తలకి తువ్వాలు అదుముకుని రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. మడమ విరిగి లేవలేకపోతున్నాడు. డ్రైవరు లోపలే ఉన్నాడు. ఎడమకాలు మోకాలి కింద ఇనుములో ఇరుక్కుపోయింది. మొహం తెల్లగా పాలిపోయింది. బొటనవేలు మాత్రం హారన్ మీదే ఉంది. అద్దం అవతల ఆవిడ మొహం కనపడగానే వేలు తీశాడు.

"వచ్చావా హారనక్కా," అన్నాడు. "నువ్వు వింటావని నాకు తెలుసు."

ఇనుప కమ్మీలు పెట్టి తలుపు పీకి, అతన్ని బయటికి తీసి, ఇద్దర్నీ కారులో వేసుకుని కింద ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చీకటి పడే వేళకి తమ్ముడు తిరిగొచ్చాడు. ప్రాణానికి భయం లేదట, కాలు మాత్రం తీసేశారట.

"ఇంకేమన్నారు?" అని అడిగింది.

తమ్ముడు చెప్పాడు. ఆవిడకి వినపడలేదు. మళ్ళీ చెప్పమంది. "అరగంట ముందు తెచ్చుంటే కాలు దక్కేదేమో అన్నాడక్కా డాక్టరు. మనకేం తెలుసు? నువ్వు అరవబట్టే కదా ఆ మాత్రమైనా." ఈసారి స్పష్టంగా వినపడింది. అయినా మూడోసారి చెప్పమంది. మూడోసారీ అతను అదే చెప్పాడు.

ఆ తర్వాత జరిగినదంతా ఆవిడకి శిక్షలా అయింది. డ్రైవర్లు దిగగానే ఆవిడ చేతులు పట్టుకునేవాళ్ళు. మంచులో, అంత దూరంలో, హారనక్క విన్నదట! కుక్కరు కథ కొట్టుకుపోయి దాని చోట ఈ కథ కొండ దిగింది. మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నువ్వు విన్నానంటున్నా కుక్కరని నీ నోరు నొక్కేశాను వదినా. ఆ కాలు పోయింది నావల్లే. బోర్డు మాట ఇంకెప్పుడూ ఎత్తను," అంది. స్టూలుకి సరిపోయేలా పాత రజాయి కత్తిరించి మెత్త కుట్టింది. హారనక్క దానిమీద కూర్చుంది. నీవల్ల కాదని చెప్పడానికి నోరు తెరిచి, మూసేసింది. రెండు నెలలు అలా మూసుకునే ఉంది. తప్పంతా మరదలు నెత్తిన వేసుకుంటుంటే చూస్తూ, ఆమె కుట్టిన మెత్తమీద కూర్చుని తిన్న అన్నం ఆవిడకి ఒంటబట్టలేదు. మనిషి చిక్కి సగమైంది.

ఎండలు మొదలయ్యాక ఓ మధ్యాహ్నం బస్సు వచ్చి ఆగింది. అందరూ దిగాక, చంకలో కర్రతో అతను దిగాడు. ఎడమ పంట్లాం కాలు మోకాలి కింద మడిచి పిన్నుతో గుచ్చి ఉంది. వెనకాల మామ. నవ్వుతూ వచ్చి, పొయ్యి దగ్గర బల్ల ముందు కర్ర ఆనించి కూర్చున్నాడు. బల్ల ఖాళీగా ఉంది. అటూ ఇటూ చూశాడు.

"పళ్ళేలేవక్కా? బస్సు డ్రైవర్ని బతిమాలి మూడో మలుపులో రెండు కొట్టించాను. వినపడలేదా?"

మొహం ఎదురుగా ఉంది కాబట్టి ప్రతి మాటా అర్థమైంది. వంటింటి గుమ్మంలో మరదలు, గల్లాపెట్టె దగ్గర తమ్ముడు. వాళ్ళిద్దరూ ఆ రెండు హారన్లూ వినే ఉంటారు. మళ్ళీ ఆవిడ మొహమే చూసి ఊరుకున్నారు. కాలు పోయినా ఆ ఇంట్లో ఏదీ మారలేదు.

"వినపడలేదు," అంది.

"ఊరుకో అక్కా," అని నవ్వాడతను.

"నిజంగా వినపడలేదు. నాకు ఏడాదిగా చెవుడు. ఆ రోజు నువ్వు కొట్టిన మొదటి రెండూ వినపడ్డాయి. ఇదే బల్లమీద రెండు పళ్ళేలు పెట్టాను. నువ్వు రాలేదు. పొరపాటు పడ్డానని అంటారని తీసేశాను. తర్వాత కొట్టినవి ఒక్కటీ వినలేదు. వంటాయన చెప్తేనే తెలిసింది."

"తీసేశావా?"

"తీసేశాను. చెవుడని తెలిస్తే ఆ మూల నుంచి లేపేస్తారని."

"వదినా, అది నేను కదా..." అంటూ మరదలు ముందుకొచ్చింది.

"నువ్వు ఊరుకో అమ్మాయ్. నువ్వు కుక్కరన్నావు. అది కుక్కరు కాదని నాకు తెలుసు."

అందరి మొహాలూ ఇటే తిరిగి ఉన్నాయి. డ్రైవరు తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"తెలివొచ్చాక అరగంట పైన కొట్టానక్కా," అన్నాడు. గొంతులో కోపముందో లేదో ఆవిడకి తెలిసే దారి లేదు. "వేలు మొద్దుబారిపోయింది. చెయ్యి మార్చుకుని కొట్టాను."

ఆవిడ లోపలికి వెళ్ళి రెండు పళ్ళేలు తెచ్చింది. అన్నం, కూర, వేడి సూపు. మామ తల వంచుకుని తిన్నాడు. డ్రైవరు నాలుగు ముద్దలు తిని, మిగతాది కెలుకుతూ కూర్చున్నాడు. పళ్ళెంలో ఆవిరి ఆగిపోయేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. అతను క్షమించానంటాడని కాదు, తిడతాడేమోనని. తిడితే బాగుండునని కూడా అనిపించింది. అతను తిట్టలేదు.

ఉన్నట్టుండి గదిలో అందరూ రోడ్డువైపు తల తిప్పారు. అతను కర్ర అందుకుని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు ఆగి, వెనక్కి తిరిగి, ఆవిడకి పెదవులు కనపడేలా మొహం పెట్టి, "బస్సు పిలుస్తోంది. వెళ్తాను," అన్నాడు. అది దయో, దెప్పుడో ఆవిడకి ఈ రోజుకీ తెలియదు.

బస్సు వెళ్ళాక ఆవిడ మరదలు చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. తమ్ముణ్ణి పిలిచింది, వంటాయన్ని పిలిచింది. ఇద్దరూ వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"చిన్నవి మనుషులు. ఎన్ని మోగితే అంతమంది. చివర్న పొడుగ్గా మోగితే గది. తెలిసిందా?"

"తెలుసు వదినా," అంది మరదలు ఏడుస్తూ. "ఇన్నేళ్ళుగా వింటున్నదే కదా."

"వింటున్నారు. అదే చెప్తున్నా." ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూసింది. "ఆగకుండా మోగిందనుకోండి..."

వాళ్ళు ఆవిడ మొహంలోకే చూస్తున్నారు.

"నా మొహం చూడకండి," అంది హారనక్క. "పరిగెత్తండి."